కుక్కకు ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడాలంటే: మాత్రా, ఇన్‌హేలరా, నెబ్యులైజరా?

మా బుజ్జికి తొమ్మిదో ఏడు నడుస్తుండగా దగ్గు మొదలైంది. పొద్దున లేవగానే నాలుగైదుసార్లు పొడిగా దగ్గడం, చివర్లో గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు కక్కబోవడం, కాస్త తెల్లటి నురగ వస్తే మళ్లీ మింగేయడం. గొంతులో ఏదైనా ఇరుక్కుందేమోనని మొదటి వారం రోజూ నోరు తెరిచి చూశాం. రెండు నెలలు దాటాక, ఎక్స్‌రేలూ పరీక్షలూ అయ్యాక డాక్టర్ చెప్పింది క్రానిక్ బ్రాంకైటిస్ అని. అంటే శ్వాసనాళాల లోపలి పొర ఎప్పుడూ వాచి, కఫం ఊరుతూ ఉండే జబ్బు. పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవచ్చు. అదుపులో పెట్టే మందు స్టెరాయిడ్.

మాత్ర మొదలుపెట్టిన నాలుగో రోజుకే దగ్గు సగం తగ్గింది. ఇంట్లో పండగే. మూడో నెలకల్లా బుజ్జి తొమ్మిది కిలోల నుంచి పదకొండుకు చేరింది. నీళ్ల గిన్నె రోజుకు నాలుగుసార్లు నింపాల్సివచ్చేది, రాత్రి రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి బయటికి తీసుకెళ్లాల్సివచ్చేది. మెట్లెక్కితే ఆయాసం. అది జబ్బువల్లో బరువువల్లో మాకు అర్థంకాని స్థితి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అప్పుడు డాక్టర్ ఇన్‌హేలర్ మాట ఎత్తారు. "కుక్కకి ఇన్‌హేలరా? పీల్చమంటే పీలుస్తుందా?" అన్నది మా మొదటి ప్రశ్న. పీలుస్తుంది. కానీ అన్ని కుక్కలూ కాదు, అన్ని ఇళ్లలోనూ కాదు. ఏ మందు గొప్పదన్నది తేల్చడం తేలికే. మీ కుక్కకు, మీ ఇంటి దినచర్యకు ఏది నెలల తరబడి సాగుతుందన్నదే అసలు లెక్క.

పోల్చే ముందు: ఇది నిజంగా ఆ జబ్బేనా?

ఈ భాగం విసుగ్గా ఉన్నా దాటేయకండి. క్రానిక్ బ్రాంకైటిస్ అనాలంటే రెండు నెలలకు పైగా చాలా రోజులు దగ్గు ఉండాలి, దానికి ఇంకో కారణం దొరక్కూడదు. ఆ రెండో షరతు దగ్గరే తప్పులు జరుగుతాయి. చిన్నజాతి కుక్కల్లో శ్వాసనాళం మెత్తబడి నలిగిపోయే జబ్బు ఉంటుంది. దాన్ని ట్రేకియల్ కొలాప్స్ అంటారు, దగ్గు బాతు అరిచినట్టు వినిపిస్తుంది. వయసు మళ్లిన చిన్న కుక్కల్లో గుండె కవాటం లీకై ఎడమ గది పెద్దదైతే అది శ్వాసనాళం మీద ఒత్తి దగ్గు తెప్పించగలదు. గుండెపురుగు, ఊపిరితిత్తుల పురుగులు, న్యుమోనియా, గడ్డలు కూడా ఇలాగే దగ్గిస్తాయి. హస్కీల్లో ఎక్కువగా కనిపించే ఇయోసినోఫిలిక్ బ్రాంకోన్యుమోపతీ అని ఇంకొకటుంది, ఇయోసినోఫిల్ అనే తెల్లరక్తకణాలు చేరి శ్వాసనాళాలూ ఊపిరితిత్తులూ వాచే జబ్బు. దానిక్కూడా స్టెరాయిడే మందు, కానీ మోతాదు, తీరు వేరు.

స్టెరాయిడ్ చేసే చిక్కేమిటంటే వీటిలో చాలావాటికి తాత్కాలికంగా "పనిచేసినట్టు" కనిపిస్తుంది. న్యుమోనియా ఉన్న కుక్కకు ఇస్తే ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది. పరీక్షలకు ముందే ఇచ్చేస్తే, శ్వాసనాళాలు కడిగి తీసే ద్రవంలో కనిపించాల్సిన కణాలు మాయమై అసలు జబ్బు పేరు తేలదు. అందుకని ఛాతీ ఎక్స్‌రే, గుండెపురుగు పరీక్ష, పురుగుల మందు, వీలైతే బ్రాంకోస్కోపీ (మత్తు ఇచ్చి శ్వాసనాళాల్లోకి కెమెరా గొట్టం పంపి చూడటం) ముందు అయిపోవాలి. ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన బ్రాంకైటిస్ లేదని చెప్పలేం, అదొకటి గుర్తుంచుకోండి. మత్తు ఇచ్చి చేసే పరీక్షలు మీ కుక్క వయసుకు, గుండెకు తగవని డాక్టర్ అంటే, ఏయే జబ్బులు లేవని తేలింది, ఏవి అనుమానంగానే ఉన్నాయి అని అడిగి రాసుకోండి. తర్వాత మందు పనిచేయకపోతే ఆ కాగితమే దిక్కు.

మాత్ర: వేగం, తేలిక, ఆ తర్వాత వచ్చే బిల్లు

మామూలుగా ఇచ్చేది ప్రెడ్నిసొలోన్. మొదట్లో రోజుకు కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము, లేదా దానికి కాస్త అటూ ఇటూ ఇచ్చి, దగ్గు తగ్గాక వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, చివరికి రోజు విడిచి రోజు ఇచ్చే కనిష్ఠ మోతాదుకు తీసుకొస్తారు. రెండు నెలల్లో ఆ కనిష్ఠానికి చేరి, అక్కడ హాయిగా ఉండే కుక్కలు చాలా ఉన్నాయి. అలాంటి కుక్కకు ఇన్‌హేలర్ కోసం పరుగెత్తాల్సిన పనిలేదు.

మాత్రకున్న బలం వేగం. రోజుల్లో ఫలితం కనిపిస్తుంది. ఒకవేళ వారం పది రోజులు సరైన మోతాదు ఇచ్చినా దగ్గు కదలకపోతే, అదే ఒక సమాచారం: రోగనిర్ధారణ మళ్లీ చూడాలి. ఇన్‌హేలర్‌తో ఈ సౌకర్యం లేదు. ఫలితం రాకపోతే జబ్బు వేరా, మందు లోపలికి పోలేదా అన్నది తేల్చుకోలేం. అందుకే ఇన్‌హేలర్ ఆలోచన ఉన్నా సరే, ముందు మాత్రతో "ఇది స్టెరాయిడ్‌కు లొంగే జబ్బే" అని తేల్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

బలహీనత అందరికీ తెలిసిందే. మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. దప్పిక, మూత్రం, ఆకలి, వగర్పు మొదటి వారంలోనే పెరుగుతాయి. నెలలు గడిచేకొద్దీ కండలు కరిగి, పొట్ట జారి, చర్మం పలచబడి, జుట్టు ఊడుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. షుగర్ వ్యాధి వచ్చే అవకాశం ఉన్న కుక్కకు అది బయటపడుతుంది. వీటిలో బరువు, వగర్పు ఈ జబ్బుకు ప్రత్యేకంగా చెడ్డవి. ఛాతీ చుట్టూ, పొట్టలో కొవ్వు చేరితే ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోలేవు. అంటే దగ్గు తగ్గించే మందే, ఆకలి పెంచి, దగ్గు పెరిగే పరిస్థితి తెస్తుంది. బుజ్జి విషయంలో మేం చేసిన తప్పు ఇదే. అది అడిగినప్పుడల్లా పెట్టాం. కొలిచి పెట్టి ఉంటే సగం గొడవ తప్పేది.

ఇంకో సంగతి చాలామంది అడగరు. వయసు మళ్లిన కుక్కకు కీళ్లనొప్పులు కూడా ఉంటాయి, మెలాక్సికామ్, కార్ప్రొఫెన్ లాంటి మందులు నడుస్తుంటాయి. వాటితో పాటు ప్రెడ్నిసొలోన్ మాత్ర ఇస్తే కడుపులో పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు. ఆ రెండూ కలిపి ఇవ్వరు. ఇంట్లో మిగిలిన నొప్పి మాత్ర ఉంది కదా అని వేసేవాళ్లు ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి. ఇలాంటి కుక్కకు డాక్టర్ ఇన్‌హేలర్ వైపు మొగ్గడానికి ఇదో పెద్ద కారణం.

ఇన్‌హేలర్: మందు కంటే మాస్కే పెద్ద కథ

మనుషుల ఉబ్బసానికి వాడే అదే డబ్బా. నొక్కితే కొలత ప్రకారం ఒక పఫ్ వచ్చే రకం కావాలి. పొడి పీల్చే రకాలు కుక్కకు పనికిరావు, వాటికి గట్టిగా, అడిగినప్పుడు పీల్చాలి. కుక్క ఆ పని చేయదు కాబట్టి మధ్యలో స్పేసర్ అనే గొట్టం, చివర మాస్క్ పెడతారు. పఫ్ గొట్టంలో నిలుస్తుంది, కుక్క మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఏడు నుంచి పది శ్వాసల్లో దాన్ని లాక్కుంటుంది.

ఎక్కువగా వాడే స్టెరాయిడ్ ఫ్లూటికసోన్. మింగినా పేగునుంచి, కాలేయం నుంచి రక్తంలోకి చేరేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. శ్వాసనాళాలకు తగిలిన మందు అక్కడే పనిచేస్తుంది, నోట్లో పడి కడుపులోకి పోయింది వృథా. దీని మీదే ఇన్‌హేలర్ ఉపయోగమంతా నిలబడి ఉంది. బ్యూడెసొనైడ్, బెక్లోమెథసోన్ కూడా ఇస్తారు. మైక్రోగ్రాముకు మైక్రోగ్రాము పోలిస్తే బెక్లోమెథసోన్ బలం ఫ్లూటికసోన్ కంటే తక్కువ, కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి అదే అంకెతో కొనుక్కోకూడదు.

మోతాదు సాధారణంగా ఒక్కోసారి 125 లేదా 250 మైక్రోగ్రాములు, రోజుకు రెండుసార్లు. అమెరికాలో డబ్బాల మీద 110, 220 అని ఉంటుంది, చాలా ఇతర దేశాల్లో 125, 250 అని. ఇవి వేరు బలాలు కావు. అమెరికాలో నోట్లో పెట్టుకునే మూతి నుంచి బయటికొచ్చే మందును లెక్కిస్తారు, మిగతాచోట్ల డబ్బా వాల్వు నుంచి వదిలే మందును. ఇంత చిన్న కుక్కకూ పెద్దమనిషికి ఇచ్చే డోసేమిటని మేమూ కంగారుపడ్డాం. పఫ్‌లో ఎక్కువ భాగం గొట్టం గోడలకూ, మూతికీ, నోటికీ అంటుకుపోతుంది. ఊపిరితిత్తుల లోపలికి చేరేది కొద్దిభాగమే. చిన్న కుక్క చిన్నగా పీలుస్తుంది కాబట్టి దానికి చేరేదీ తక్కువే.

ఇక దుష్ప్రభావాలు. దప్పిక, ఆకలి, బరువు విషయంలో మాత్రకూ దీనికీ పోలికే లేదు. కానీ "ఒంట్లోకి అసలు పోదు" అన్నది మాత్రం అతిశయోక్తి. ఆరోగ్యంగా ఉన్న కుక్కలకు ఫ్లూటికసోన్ ఇచ్చి చూసినప్పుడు కూడా, శరీరం తనంతట తాను తయారుచేసుకునే స్టెరాయిడ్ హార్మోన్, కార్టిసాల్, తగ్గినట్టు తేలింది. బయటికి లక్షణాలేమీ కనిపించకపోయినా లోపల దాన్ని తయారుచేసే గ్రంథి కాస్త బద్ధకిస్తుందన్నమాట. కాబట్టి ఇన్‌హేలర్‌ను కూడా హఠాత్తుగా ఆపకూడదు. ఆపరేషన్‌కు, పళ్ల శుభ్రతకు తీసుకెళ్లినప్పుడు "ఇన్‌హేలరే కదా" అని చెప్పకుండా ఉండకూడదు. మూతి చుట్టూ మాస్క్ తగిలేచోట చర్మం ఎర్రబడవచ్చు. వాడాక తడిగుడ్డతో మూతి తుడిచి, నీళ్లు తాగనిస్తే సరిపోతుంది.

రెండో పరిమితి ఆలస్యం. ఫలితం పూర్తిగా కనబడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆయాసం వచ్చిన క్షణాన కొట్టేసే మందు కాదిది. ఇక్కడ చాలామంది పొరబడతారు. సాల్బుటమాల్ కూడా ఇన్‌హేలరే, అదీ అదే ఆకారంలో ఉంటుంది, కొట్టిన నిమిషాల్లో గాలిగొట్టాల కండరాన్ని వదులు చేస్తుంది. కానీ వాపును తగ్గించదు. పిల్లుల ఉబ్బసంలో గొట్టాలు బిగుసుకుపోవడం ప్రధానం, కుక్కల బ్రాంకైటిస్‌లో వాపూ కఫమూ ప్రధానం. అందుకే కుక్కకు సాల్బుటమాల్ ఒక్కటే రోజూ కొట్టడం వల్ల ఒరిగేది తక్కువ. డబ్బా రంగు చూసి కాదు, మీద రాసిన పేరు చదివి కొనండి. రెండూ కలిపిన ఇన్‌హేలర్లు కూడా ఉన్నాయి, వాటిలో రెండో మందు గుండె వేగం పెంచుతుంది కాబట్టి గుండె జబ్బున్న కుక్కకు డాక్టర్ చెబితే తప్ప వద్దు.

అన్నట్టు, సాల్బుటమాల్ డబ్బా కుక్కకు అందే చోట ఉంచకండి. పళ్లతో కొరికి చిల్లుపడితే ఎన్నో పఫ్‌ల మందు ఒక్కసారిగా నోట్లోకి పోతుంది. గుండె దడదడలాడి, పొటాషియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కొరికినట్టు అనుమానమొచ్చినా సరే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. దగ్గుతో సంబంధంలేని కుక్కలున్న ఇళ్లలో కూడా, మనుషుల ఇన్‌హేలర్‌తో ఇది జరుగుతుంటుంది.

మాస్క్ అలవాటు

ఇన్‌హేలర్ కొనగానే అయిపోలేదు. ఇల్లు అలకగానే పండగ కాదంటారే, అచ్చంగా అదే. బుజ్జికి మేం మొదటిరోజే మాస్క్ మూతికి నొక్కిపట్టి పఫ్ కొట్టాం. బుస్‌మన్న చప్పుడుకు అదిరిపోయి, మరో పది రోజులు ఆ గొట్టం కనిపిస్తే చాలు మంచం కిందికి దూరింది. తప్పు దానిది కాదు.

మళ్లీ మొదట్నుంచి మొదలెట్టాం. మూడు రోజులు మాస్క్ ఒక్కటే, గొట్టం లేకుండా, నేలమీద. వాసన చూస్తే ట్రీట్. తర్వాత మాస్క్ లోపల దానికిష్టమైనది కాస్త పూసి, అదే మూతి పెట్టేదాకా ఆగడం. తర్వాత రెండు సెకన్లు, అయిదు, పది. గొట్టం తగిలించాక మళ్లీ ఇదే వరస. పఫ్ చప్పుడును గదికి అవతలి చివర నుంచి వినిపించి, రోజుకు కాస్త దగ్గరగా. పదమూడో రోజున మొదటి నిజమైన పఫ్ పడింది. ఈ పదమూడు రోజులూ మాత్ర నడుస్తూనే ఉంది కాబట్టి తొందరేం లేదు. డాక్టర్ ఇన్‌హేలర్ ఆలోచన చెప్పిన రోజే మాస్క్ ఆట మొదలుపెట్టేయండి. మందు నిర్ణయం తర్వాతైనా తీసుకోవచ్చు.

మాస్క్ మూతి చుట్టూ, పెదవుల చివరల దాకా, గాలి బయటికి పోకుండా పట్టాలి. చంటిపిల్లల గుండ్రటి మాస్క్ పొడుగుమూతి కుక్కకు పట్టదు. ఏరోడాగ్ లాంటి కుక్కల కోసమే చేసిన స్పేసర్లలో లోతైన మాస్కులుంటాయి, ఊపిరి తీసినప్పుడల్లా కదిలే చిన్న రేకు కూడా ఉంటుంది. ఆ రేకు విలువ వాడితేగాని తెలియదు. కుక్క ఊపిరి బిగబట్టిందో, పీలుస్తోందో, మాస్క్ పక్కనుంచి గాలి పోతోందో అది చెబుతుంది. రేకు కదిలిన సార్లు లెక్కపెట్టుకుంటే చాలు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడిమూతి కుక్కలకు అంచు కుదరడం కష్టం, వీటికి మాస్క్ మార్చి మార్చి చూడాల్సివస్తుంది.

కొట్టే పద్ధతిలో మూడు విషయాలు మందును సగానికి సగం పోగొడతాయి. మొదటిది, డబ్బాను పది సెకన్లయినా ఊపకపోవడం. రెండోది, రెండు పఫ్‌లు చెప్పారు కదా అని వరసగా రెండూ నొక్కేయడం. ఒకటి కొట్టి, పది శ్వాసలయ్యాక, అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి రెండోది కొట్టాలి. మూడోది, కడిగిన గొట్టాన్ని గుడ్డతో తుడవడం. తుడిస్తే స్థిర విద్యుత్తు పుట్టి మందు గోడలకు అంటుకుంటుంది. వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి, తీసి, గాలికి ఆరనివ్వాలి. చప్పుడుకు బెదిరే కుక్కయితే పఫ్ ముందే గొట్టంలోకి కొట్టి వెంటనే మాస్క్ పెట్టొచ్చు. కొంత మందు నష్టపోతాం, కుక్క నమ్మకం మిగులుతుంది. వగరుస్తున్నప్పుడు, నడక నుంచి రాగానే ఇవ్వకండి. పడుకుని స్థిమితపడ్డాక ఇస్తే శ్వాస నెమ్మదిగా, లోతుగా ఉంటుంది.

డబ్బాలో ఎన్ని పఫ్‌లున్నాయో లెక్కపెట్టుకోండి. 120 పఫ్‌ల డబ్బా రోజుకు రెండు చొప్పున రెండు నెలలు, నాలుగు చొప్పున నెల వస్తుంది. కౌంటర్ లేని డబ్బా అయితే మొదలుపెట్టిన తేదీ రాసిపెట్టుకోవాలి. మందు అయిపోయాక కూడా గాలి బుస్‌మంటూ వస్తూనే ఉంటుంది. నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా చూసే పాత చిట్కా నమ్మదగ్గది కాదు.

నెబ్యులైజర్

బ్యూడెసొనైడ్ ద్రవాన్ని మంచుతుంపరలా మార్చి పది నిమిషాల పాటు పీల్పించవచ్చు. మాస్క్ ససేమిరా ఒప్పుకోని, కానీ మన ఒళ్లో నిశ్చింతగా కూర్చునే కుక్కలకు ఇదొక దారి. మోటారు చప్పుడు, రోజుకు రెండుసార్లు అంతసేపు పట్టుకోవడం, ఎంత లోపలికి పోయిందో తెలియకపోవడం దీని లోపాలు. అల్ట్రాసోనిక్ రకం యంత్రం బ్యూడెసొనైడ్‌కు పనికిరాదు, గాలితో నడిచేదో, మెష్ రకమో కావాలి. నా దృష్టిలో దీని మంచి వాడకం వేరే ఉంది: కఫం గట్టిపడే కుక్కకు ఉత్త సెలైన్ ఆవిరి పట్టి, తర్వాత కాసేపు నడిపిస్తే కఫం కదులుతుంది. స్టెరాయిడ్ కోసమే అయితే ముందు ఇన్‌హేలర్ ప్రయత్నించండి.

దగ్గు ఆపే సిరప్పులు, యాంటీబయాటిక్‌లు స్టెరాయిడ్‌కు ప్రత్యామ్నాయం కావు. వాపు తగ్గకముందే దగ్గు అణిచేస్తే కఫం లోపలే ఉండిపోతుంది. మనుషుల సిరప్పుల్లో జైలిటాల్ అనే తీపిపదార్థం, పారాసెటమాల్ ఉండొచ్చు, రెండూ కుక్కకు విషం. ఇంతకుమించి దీని గురించి చెప్పడానికేం లేదు.

ఏ కుక్కకు ఏది

ఇప్పుడే రోగం తేలిన కుక్క, బరువు మామూలు, ఇంకే జబ్బూ లేదు అనుకోండి. మాత్రతో మొదలుపెట్టి, రెండు మూడు నెలల్లో కనిష్ఠ మోతాదు ఎంతో చూడండి. రోజు విడిచి రోజు చిన్న మోతాదుకు దిగి, దగ్గు అప్పుడప్పుడే వస్తుంటే అక్కడే ఆగవచ్చు. మోతాదు తగ్గించిన ప్రతిసారీ దగ్గు తిరగబెడుతుంటే, అది జీవితాంతం మాత్ర మోసే కుక్క. ఇన్‌హేలర్‌కు అసలు అర్హత దానికే.

షుగర్ ఉన్న కుక్క, లావెక్కిన కుక్క, కీళ్ల మందు తప్పని కుక్క, తరచూ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే కుక్క: వీటికి కనిష్ఠ మోతాదు తేలేదాకా నెలలు ఆగకండి, మొదటివారమే ఇన్‌హేలర్ మాట డాక్టర్‌తో ఎత్తండి. గుండె కవాటం జబ్బున్న కుక్క కూడా ఈ జాబితాలోదే. మాత్ర ఒంట్లో నీరు నిలిపే అవకాశం ఉంది కాబట్టి గుండెకు బరువు. కానీ ఇలాంటి కుక్కలో దగ్గు గుండెవల్లా, గొట్టాలవల్లా అన్నది ముందు తేలాలి. ఇంట్లో మీరు చేయగలిగింది, నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్ని శ్వాసలో లెక్కపెట్టి రాసుకోవడం. ముప్పై దాటుతూ రోజురోజుకీ పెరుగుతుంటే అది దగ్గు మందుతో తీరే విషయం కాదు, వెంటనే చూపించాలి.

శ్వాసనాళం మెత్తబడిన కుక్కలో సగం సమస్య వాపు, సగం నలిగిపోయే గొట్టం. స్టెరాయిడ్ మొదటి సగానికే పనిచేస్తుంది. ఇన్‌హేలర్ వాడొచ్చు, ఫలితం మీద ఆశ తగ్గించుకోవాలి. ఇయోసినోఫిలిక్ జబ్బులో మొదట్లో మాత్ర తప్పదు. తర్వాత ఇన్‌హేలర్ ఒక్కదానితో నిలబడే కుక్కలున్నాయి, చిన్నమోతాదు మాత్ర కూడా కలిపితేగాని నిలబడనివీ ఉన్నాయి. రెండూ కలిపి వాడటం ఓటమేమీ కాదు. మాత్ర సగానికి తగ్గినా దప్పిక, బరువు బాగా తగ్గుతాయి.

ఇక ఇంటి సంగతి. పొద్దునా సాయంత్రం ఒకే మనిషి ఇంట్లో ఉంటారా? ఊరెళ్తే కుక్కను చూసేవాళ్లకు మాస్క్ పట్టుకోవడం వచ్చా? కుక్క మూతి ముట్టుకుంటే కరుస్తుందా? ఇన్‌హేలర్ ఖర్చు మాత్ర కంటే చాలా ఎక్కువ, అదీ ప్రతి నెలా. రోజూ కుస్తీపట్టి సగం మందు గాల్లోకి వదిలే ఇంట్లో, రోజు విడిచి రోజు కచ్చితంగా పడే చిన్న మాత్రే మేలు. ఈ మాట చెబితే కొందరికి నచ్చదు. కానీ లోపలికి పోని మందుకు దుష్ప్రభావాలూ ఉండవు, ప్రభావమూ ఉండదు.

మారేటప్పుడు

ఇన్‌హేలర్ మొదలుపెట్టిన రోజున మాత్ర ఆపకండి. కనీసం రెండు వారాలు రెండూ నడవాలి. తర్వాత మాత్రను డాక్టర్ చెప్పిన లెక్కలో తగ్గించాలి. మాకు రెండు మూడు వారాలకోసారి నాలుగోవంతు చొప్పున తగ్గించమన్నారు. ఒక మెట్టు దిగాక దగ్గు పెరిగితే పైమెట్టుకు వెళ్లి ఆగడమే, కంగారుపడి మొదటికి పోనక్కర్లేదు. అప్పుడు ముందుగా చూడాల్సింది మోతాదు కాదు, మాస్క్ అంచు, రేకు, డబ్బా తేదీ. మాకు ఒకసారి దగ్గు తిరగబెట్టింది. లెక్క చూస్తే డబ్బా ఖాళీ అయ్యి తొమ్మిది రోజులైంది.

ఫలితం కొలవడానికి జ్ఞాపకం చాలదు. కేలండర్ మీద రోజూ దగ్గుకు సున్నా నుంచి మూడు దాకా ఒక అంకె వేయండి, వారానికోసారి బరువు రాయండి. దగ్గు పూర్తిగా పోవడం లక్ష్యం కాదు. రాత్రి నిద్ర చెడకుండా, నడకలో ఆగిపోకుండా ఉంటే మందు పనిచేస్తున్నట్టే. వీడియో తీసి పెట్టుకోవడం మరీ మంచిది, ఆసుపత్రిలో ఒక్క కుక్కా డాక్టర్ ముందు దగ్గదు.

ఏ మందు ఎంచుకున్నా మెడ పట్టీ తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ వాడాలి. సిగరెట్ పొగ, ఘాటైన స్ప్రేలు కుక్క ఉండే గదిలో ఉండకూడదు. లావెక్కిన కుక్క బరువు తగ్గించగలిగితే మందు మోతాదు కూడా తగ్గించే వీలు దొరకవచ్చు. చిగుళ్లు నీలంగా మారినా, నోరు తెరుచుకుని మెడ చాచి ఊపిరి లాగుతున్నా, తూలిపడిపోయినా పఫ్‌ల లెక్కలు పక్కనపెట్టి బయల్దేరండి.

బుజ్జికిప్పుడు పన్నెండేళ్లు. బరువు తొమ్మిదిన్నర. మాత్ర మానేసి రెండేళ్లు దాటింది, వానాకాలంలో మాత్రం ఒకట్రెండు వారాలు చిన్న మోతాదు పడుతూంటుంది. సాయంత్రం ఏడవగానే అదే వచ్చి గొట్టం ఉన్న అలమర ముందు కూర్చుంటుంది. ట్రీట్ కోసమే అని మాకు తెలుసు.